బండి నడిపేవారు మద్యం ఎంత తీసుకోవచ్చు: సున్నా నియమాన్ని ఆచరణలో పెట్టే పద్ధతి

విందు ముగిసి అందరూ సెలవు తీసుకుంటున్న వేళ గుమ్మం దగ్గర ఒక మాట తరచు వినబడుతుంది: "రెండే తీసుకున్నాను, నాకేమీ కాలేదు, చూడండి, తిన్నగానే నడుస్తున్నాను కదా." కొన్నేళ్ల కిందట నా దగ్గరి బంధువు ఒకాయన సరిగ్గా ఈ మాటే అని కారు వైపు నడిచాడు. నడక నిజంగానే తిన్నగా ఉంది, మాటలో తడబాటు లేదు. కానీ తలుపు తెరవడానికి తాళం మీది మీట నొక్కితే వెనక డిక్కీ తెరుచుకుంది. ఆయన నవ్వి, వెనక్కి వెళ్లి దాన్ని మూసి, మళ్లీ నొక్కాడు. మళ్లీ డిక్కీయే తెరుచుకుంది. మూడోసారికి సరైన మీట దొరికింది. ఏళ్ల తరబడి రోజూ వాడుతున్న తాళం అది. అక్కడ నిలబడి చూస్తున్న మేమందరం నవ్వామే తప్ప ఆపలేదు. ఆ రాత్రి ఆయన క్షేమంగానే ఇల్లు చేరాడు, ఆ తరువాత కూడా చాలాసార్లు అలాగే చేరాడు. చేరిన ప్రతిసారీ "ఈ మాత్రానికి నాకేం కాదు" అన్న నమ్మకం ఆయనలో ఇంకాస్త గట్టిపడింది.

వాహనం నడిపేవారిని కొద్దిగానైనా తాగనివ్వవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం ఆ డిక్కీ దగ్గరే మొదలయింది. చట్టం ఏ దేశంలో ఏ అంకె పెట్టినా, బండి నడిపే మనిషి తనకు తాను పెట్టుకోవలసిన అంకె సున్నా అని నేను నమ్ముతున్నాను. దీనికి కారణం చాలా సులభమైనది: ఎంత తాగాక ఆపాలో, తాగాక నడపగలమో లేదో తేల్చి చెప్పవలసిన మెదడు మీదనే మద్యం అన్నింటికంటే ముందు పనిచేస్తుంది. అందువల్ల ఆ నిర్ణయం మొదటి గుటకకు ముందే జరిగిపోవాలి. ఆ నిర్ణయాన్ని ఎలా తీసుకోవాలో, తీసుకున్నాక ఎలా నిలబెట్టుకోవాలో, మర్నాటి ఉదయం ఎలా లెక్క చూసుకోవాలో, పక్కవాడు తాగి తాళం పట్టుకుంటే ఏం చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒంట్లో జరిగేది ముందు తెలుసుకోండి

కడుపులోకి వెళ్లిన మద్యంలో కొంత భాగం జీర్ణాశయం నుంచి, ఎక్కువ భాగం చిన్నపేగు నుంచి రక్తంలో కలుస్తుంది. రక్తంలో అది గరిష్ఠ స్థాయికి చేరడానికి సాధారణంగా అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుంది. కడుపు నిండా తిని తాగితే ఎక్కడం ఆలస్యమవుతుంది, గరిష్ఠ స్థాయి కొంత తగ్గుతుంది; అంతమాత్రాన తాగినది ఎక్కడికీ పోదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. చివరి గ్లాసు గబగబా ముగించి, "ఇంకా ఏమీ ఎక్కలేదు, ఇప్పుడే బయలుదేరితే సరిపోతుంది" అని స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి దారి మధ్యలో, అదీ వేగంగా పోతున్నప్పుడు, స్థాయి పెరుగుతూ ఉంటుంది.

ఇలా రక్తంలో చేరిన మద్యాన్ని విడగొట్టే పని దాదాపు అంతా కాలేయానిదే. శ్వాస ద్వారా, చెమట ద్వారా, మూత్రం ద్వారా బయటికి పోయేది చాలా తక్కువ. కాలేయం తన వేగంతో తాను పనిచేస్తుంది. సగటున గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది, కొందరిలో 10 మాత్రమే, కొందరిలో 20 దాటి ఉంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, వాంతి చేసుకున్నా, పరుగెత్తి చెమట పట్టించినా ఆ వేగం పెరగదు. కాఫీ వల్ల నిద్రమత్తు కొంత వదులుతుంది, దానితో తాగిన మత్తు కూడా వదిలిందన్న భ్రమ కలుగుతుంది, ఆ భ్రమ మరింత ప్రమాదకరం.

కాళ్లు తూలడం, మాట ముద్ద కావడం చాలా తరువాతి సంగతులు. అంతకంటే ఎంతో ముందు, తక్కువ స్థాయిలోనే, రెండు పనుల మీద ఒకేసారి దృష్టి నిలిపే శక్తి సన్నగిల్లుతుంది. బండి నడపడం అంటేనే ఒకేసారి పది పనులు చూసుకోవడం: ముందున్న బండి వేగం, అద్దంలో వెనకనుంచి వచ్చేది, పక్క సందులోంచి దూకబోయే పిల్లవాడు, మారబోతున్న సిగ్నల్. తిన్నగా నడిచి చూపించడం వీటిలో దేనికీ పరీక్ష కాదు. నా బంధువు తిన్నగా నడిచాడు, కానీ వేలికింద ఉన్న రెండు మీటలలో ఏది ఏదో తేల్చుకోలేకపోయాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అరసెకను ఆలస్యమైతే బండి ఇంకో 8 మీటర్లు పోయాకే వేగం తగ్గడం మొదలవుతుంది. రోడ్డు దాటుతున్న మనిషికీ బంపరుకూ మధ్య ఆ 8 మీటర్లు ఉండకపోవచ్చు.

ద్విచక్రవాహనం నడిపేవారు ఇంకొక విషయం గుర్తుపెట్టుకోవాలి. కారుకు నాలుగు చక్రాలున్నాయి, అది పడిపోదు. బైకును నిలబెట్టేది నడిపేవాడి శరీర సమతౌల్యమే, దానిని చూసుకునే చిన్నమెదడు మద్యానికి తొందరగా లొంగిపోతుంది. "బైకే కదా, నెమ్మదిగా వెళ్తాను" అనడంలో అర్థం లేదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడే బైకును నిలబెట్టడం కష్టం.

గ్లాసులో ఉన్నది గ్రాములలో ఎంత

"రెండే" అన్న మాటకు కొలత లేదు. ఏ రెండు, ఎంత పెద్దవి, ఎంత గాఢమైనవి? మద్యాన్ని గ్రాములలో లెక్కించడం ఒక్కసారి నేర్చుకుంటే ఆ మాట మీద నమ్మకం పోతుంది. మిల్లీలీటర్లను సీసా మీద రాసి ఉన్న శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చిన దాన్ని 0.79తో గుణించాలి. 40 శాతం గాఢత ఉన్న విస్కీయో రమ్మో 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో సుమారు 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్లలో దాదాపు 20 గ్రాములు. అదే బీరు 8 శాతం గాఢతది అయితే 31 గ్రాములు దాటుతుంది. "బీరే కదా తాగింది" అనేవారు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూసుకోవాలి; అంత గాఢమైన బీరు అర లీటరు, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు ఒకటిన్నరకు పైనే.

ఇంకొక పరీక్ష కూడా ఇంట్లో చేసి చూడండి, మద్యం అవసరం లేదు, నీళ్లు చాలు. వెడల్పాటి గ్లాసులో 60 మిల్లీలీటర్లు అనుకున్నంత కంటిచూపుతో పోసి, తరువాత దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతతోనో, వంటింటి కొలత గ్లాసుతోనో కొలవండి. నేను చేసినప్పుడు మూడుసార్లు పోస్తే మూడుసార్లూ 75 దాటింది, అదీ మంచి వెలుతురులో, ఒంట్లో చుక్క మద్యం లేకుండా. విందులో పోసేది పక్కవాడు, గ్లాసు ఖాళీ కాకముందే మళ్లీ నింపుతాడు, లెక్క అక్కడే తప్పుతుంది.

గ్రాములు తెలిసినా పని పూర్తికాదు, ఎందుకంటే అవి చేరేది ఎవరి ఒంట్లోకి అన్నది కూడా చూడాలి. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ గత శతాబ్దం తొలి భాగంలో, తాగిన గ్రాములను, ఒంటి బరువును బట్టి రక్తంలో స్థాయిని అంచనా వేయడానికి ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ ప్రకారం 70 కిలోల పురుషుడు ఖాళీ కడుపుతో ఆ 19 గ్రాములు తీసుకుంటే అతని రక్తంలో స్థాయి 100 మిల్లీలీటర్లకు సుమారు 40 మిల్లీగ్రాములకు చేరుతుంది. అదే గ్లాసు 50 కిలోల స్త్రీ తీసుకుంటే 70 దాకా పోవచ్చు. శరీరం చిన్నది కావడం, అందులో నీటి పాలు తక్కువ కావడం రెండూ కారణాలే. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే సీసాలోంచి సమానంగా పోసుకున్న భార్యాభర్తలలో ఒకరి స్థాయి రెండోవారికంటే ఇంచుమించు రెట్టింపు ఉండవచ్చన్నమాట. "ఒక్క గ్లాసు పరవాలేదు" అన్న సామెతలాంటి మాట ఎవరికి వర్తిస్తుందో చెప్పగలిగేవారు ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు.

చట్టం పెట్టిన అంకెలను ఎలా చదవాలి

రక్తంలో ఆల్కహాల్‌కు ఒక అంకె పెట్టి, అది దాటితే నేరమని చట్టం చేసిన తొలి దేశం నార్వే, 1936లో. అప్పటి అంకె 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, ఇప్పుడు 20 (ఇక్కడి అంకెలన్నీ ఇదే కొలతలో). బ్రిటన్ 1967లో 80 పెట్టింది. ఇంగ్లండులో నేటికీ అదే ఉంది, స్కాట్లాండ్ మాత్రం 2014 డిసెంబరులో దాన్ని 50కి తగ్గించింది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలలో 80 ఉండగా యూటా ఒక్కటి 2018 చివరినుంచి 50 అమలు చేస్తోంది. భారతదేశంలో 30, జపానులో 30, స్వీడన్‌లో 1990 నుంచి 20. చెక్ రిపబ్లిక్, హంగరీ, స్లొవాకియా, రొమేనియా, బ్రెజిల్ వంటి దేశాలు అసలు మద్యమే వద్దన్నాయి. ఒకే మనిషి, ఒకే గ్లాసు, ఒకే మెదడు. సరిహద్దు దాటగానే నిర్దోషి దోషి అవుతాడు. దీన్నిబట్టి ఆ అంకె వైద్యశాస్త్రం గీసిన గీత కాదని, ఆయా సమాజాలు ఎంత ప్రమాదాన్ని ఓర్చుకోవడానికి సిద్ధపడ్డాయో చెప్పే గీత అని గ్రహించాలి. దానిని "ఇంతవరకు తాగవచ్చు" అన్న అనుమతిగా చదవకూడదు.

80 అన్న అంకె వెనక ఒక పెద్ద పరిశీలన ఉంది. ఊదితే స్థాయి చెప్పే బ్రెత్ ఎనలైజర్‌ను 1954లో రూపొందించిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్, 1962-63లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో ప్రమాదాలకు గురైన దాదాపు 6,000 మంది డ్రైవర్లను, ప్రమాదం జరగని మరో 7,500 మందికి పైగా డ్రైవర్లను పోల్చి చూశారు. స్థాయి 80 దాటాక ప్రమాదం బాగా పెరుగుతుందని ఆ పరిశీలన స్పష్టంగా చూపింది. అదే గణాంకాలలో ఒక వింత కూడా కనబడింది: కొద్దిగా తాగినవారికి అసలు తాగనివారికంటే ప్రమాదాలు కాస్త తక్కువ ఉన్నట్లు అనిపించింది. "కొంచెం వేసుకుంటే ఇంకా జాగ్రత్తగా నడుపుతాను" అనేవారికి ఇది గొప్ప ఆధారమైపోయింది. నిజానికి వయసు, తాగే అలవాటు వంటివి ఒకే తీరున ఉన్నవారిని విడివిడిగా పోల్చి చూసినప్పుడు ఆ వింత మాయమయింది. తాగనివారిలో అనుభవం లేని కుర్రవాళ్లు, ముసలివారు ఎక్కువగా ఉండటంవల్ల మొత్తం లెక్క అలా కనబడిందే తప్ప మద్యం ఎవరి చేతికీ నేర్పు తేలేదు.

చట్టం కూడా సున్నాయే కావాలా అని అడిగితే, ఆచరణలో 20 చాలునని నా అభిప్రాయం. యంత్రంలో చిన్న తేడాలు ఉంటాయి, నోరు కడుక్కునే ద్రావణాలలో మద్యం ఉంటుంది. వాటివల్ల అమాయకుడు దోషి కాకూడదు. 20 అంటే ఆచరణలో "తాగి నడపవద్దు" అనే అర్థం, ఎవరూ ఆ అంకెలో ఇమిడేలా లెక్కపెట్టుకుని తాగలేరు. 80 ఉన్నచోట లెక్కపెట్టుకోవడానికి ప్రయత్నిస్తారు, అదే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ 50, కొత్త డ్రైవర్లకు 20 దాటరాదని సూచిస్తోంది. కొత్తవారికి ఒక న్యాయం, పాతవారికి ఒక న్యాయం ఎందుకో నాకు బోధపడదు.

దీనికి చెప్పే అభ్యంతరాలలో ఒకటి మాత్రం గట్టిది. ఘోరమైన ప్రమాదాలు ఎక్కువగా చేసేది బాగా తాగినవారే కదా, ఒక్క గ్లాసువాడిని పట్టుకుని ఏం లాభం అంటారు. బాగా తాగినవాడు కూడా ఆ సాయంత్రం ఒక్క గ్లాసువాడిగానే మొదలయ్యాడన్నది నా జవాబు. సున్నా దగ్గర ఆగడం సులభం, రెండు దగ్గర ఆగడం కష్టం. అయితే అంకె తగ్గించగానే పని అయిపోదని ఒప్పుకోవాలి. స్కాట్లాండ్ 50కి తగ్గించిన తరువాత చేసిన పరిశీలనలో ప్రమాదాలు తగ్గినట్లు తేలలేదు. రోడ్డు మీద తనిఖీ పెరగకపోవడం, చవకైన ప్రత్యామ్నాయ రవాణా లేకపోవడం కారణాలై ఉండవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో ఎవరినైనా, ఎప్పుడైనా ఆపి ఊదించే తనిఖీ మొదలుపెట్టగానే ప్రాణాంతక ప్రమాదాలు వెంటనే తగ్గాయి. యూటాలో అంకె తగ్గిన ఏడాదికి, అంటే 2019లో, ప్రాణాంతక ప్రమాదాల రేటు 2016తో పోలిస్తే దాదాపు 20 శాతం తక్కువగా నమోదయింది. అంకె, తనిఖీ, ఇల్లు చేరే మరో దారి, ఈ మూడూ ఉంటేనే చట్టం పనిచేస్తుంది. చట్టం మన చేతిలో లేదు. ఇంటికి చేరే దారి ముందుగా చూసుకోవడం మన చేతిలో ఉంది.

బయలుదేరే ముందు చేయవలసినవి

ఇంటి నుంచి అడుగు బయట పెట్టకముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: ఈ రోజు నేను తాగుతానా, నడుపుతానా? రెండింటికీ అవునని చెప్పే వెసులుబాటు మీకు మీరు ఇచ్చుకోవద్దు. "అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్నది రెండింటికీ అవునని చెప్పడమే. తాగాలనుకుంటే బండి ఇంట్లోనే వదలండి. బండి వెంట ఉంటే అర్ధరాత్రి దాన్ని అక్కడ వదిలి రావడం చాలా కష్టమనిపిస్తుంది: పార్కింగ్ గుర్తుకువస్తుంది, ఉదయం ఆఫీసు గుర్తుకువస్తుంది, మళ్లీ వచ్చి తీసుకుపోవడం ఎంత శ్రమో గుర్తుకువస్తుంది. సాయంత్రం 6 గంటలకు వీటిలో ఏదీ పెద్ద విషయం కాదు. తిరుగు ప్రయాణానికి క్యాబ్ కావాలంటే వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి, ఫోను చార్జింగ్ చూసుకోండి, రాత్రి అక్కడే పడుకోవడానికి వీలుంటుందేమో ముందే అడగండి.

నలుగురు కలిసి వెళ్తుంటే నడిపేది ఎవరో పేరు పెట్టి చెప్పుకోవాలి. ఆ మనిషి ఆ రాత్రి ఒక్క చుక్క కూడా తీసుకోకూడదు. ఈ పద్ధతి చాలాచోట్ల చెడిపోయేది ఒకే రకంగా: అందరూ తాగాక, వాళ్లలో తక్కువ తాగినవాడిని ఎంచి తాళం ఇస్తారు. తక్కువ తాగినవాడు తాగనివాడు కాడు. జపానులో మరొక మంచి ఏర్పాటు వాడుకలో ఉంది. ఇద్దరు డ్రైవర్లు వచ్చి, ఒకరు మీ కారును, వెనకే ఒకరు తమ కారును నడుపుకుంటూ మిమ్మల్నీ మీ బండినీ కలిపి ఇంటికి చేరుస్తారు. ఇలా అద్దెకు డ్రైవర్ దొరికేచోట ఉన్నవారు ఆ నంబరును తాగనినాడే ఫోనులో పెట్టుకోవాలి.

తాగనని చెప్పడం కొందరికి నిజంగా కష్టం, ముఖ్యంగా వయసులో పెద్దవారు, పై అధికారులు గ్లాసు చేతికిస్తున్నప్పుడు. ఇలాంటిచోట కారణాలు వెతకవద్దు. కడుపు బాగాలేదంటే "ఇది తాగితే అదే సర్దుకుంటుంది" అంటారు, మందులు వాడుతున్నానంటే ఏ మందులని అడుగుతారు. "నేను బండి నడపాలండీ, ఈ పూట నాకు వద్దు" అని ఒక్కమాట చెప్పి, చేతిలో నీళ్ల గ్లాసో సోడానో పట్టుకోండి. రెండోసారి బలవంతపెడితే అదే మాటను అదే గొంతుతో మళ్లీ చెప్పండి. చేయి ఖాళీగా ఉన్నవాడినే ఎక్కువ బలవంతపెడతారన్నది నేను చాలా విందులలో గమనించిన సంగతి.

మర్నాటి ఉదయం

అందరూ రాత్రి గురించే ఆలోచిస్తారు. మంచి మనసుతో క్యాబ్‌లో ఇల్లు చేరి, పడుకుని లేచి, తెల్లవారుజామున తామే కారు తీసి ఊరికి బయలుదేరేవారి గురించి ఎవరూ ఆలోచించరు. వాళ్లు తప్పు చేస్తున్నామని ఎరగరు కనుక ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను.

70 కిలోల మనిషి రాత్రి 8 గంటలకు మొదలుపెట్టి 12 గంటలకల్లా 60 మిల్లీలీటర్ల చొప్పున నాలుగుసార్లు తీసుకున్నాడనుకుందాం. మొత్తం 76 గ్రాములు. అతని కాలేయం సగటు వేగంతో గంటకు 7 గ్రాముల చొప్పున విడగొడితే ఒంట్లోంచి అంతా పోయేసరికి ఉదయం 7 గంటలవుతుంది. గంటకు 5 గ్రాములే విడగొట్టే నెమ్మది వేగమైతే 11 గంటలవుతుంది. ఈ మనిషి 5 గంటలకు లేచి, స్నానం చేసి, కాఫీ తాగి, బండి తీశాడు. సగటు వేగమైతే ఆ సమయానికి అతని రక్తంలో 25 మిల్లీగ్రాములకు పైన, నెమ్మది వేగమైతే 60కి పైన ఇంకా ఉంటుంది. ముఖం కడుక్కున్నాడు, బట్టలు మార్చాడు, నోటి వాసన కూడా పోయింది. తాను తాగి నడుపుతున్నానన్న ఊహ కూడా అతనికి లేదు. పైగా మద్యం నిద్రను చెడగొడుతుంది కనుక ఆ నాలుగైదు గంటల నిద్ర నిద్రలా ఉండదు. స్థాయి సున్నాకు దిగిన తరువాత కూడా తలనొప్పి, నీరసం, దప్పిక మిగిలి ఉంటాయి; అవి కూడా దృష్టిని నిలవనీయవు.

నేను పాటించే లెక్క ఇది: ప్రతి 10 గ్రాములకు 2 గంటలు, అదీ మొదటి గ్లాసు నుంచి కాకుండా చివరి గుటక నుంచి. పై ఉదాహరణలో 76 గ్రాములకు 15 గంటలు, అంటే మర్నాడు మధ్యాహ్నం 3 గంటలు. అతి జాగ్రత్త అనిపించవచ్చు. కానీ గ్లాసు కొలతలో తప్పు, సీసా గాఢతలో తేడా, కాలేయం వేగంలో తేడా అన్నీ ఒకేవైపు పడే రోజు కూడా ఉంటుంది, ఆ రోజుకు కూడా సరిపోయే లెక్క కావాలి. అమెరికా విమానయాన నియమాలు చివరి గుటకకూ విమానం నడపడానికీ మధ్య కనీసం 8 గంటలు ఉండాలంటాయి. ఆ 8 గంటలు కూడా బాగా తాగిన రాత్రికి చాలవని పై లెక్కే చెబుతోంది. ఉదయాన్నే ప్రయాణం ఉన్న ముందురోజు రాత్రి తాగకపోవడం వీటన్నిటికంటే తేలిక.

ఊది చూసుకునే యంత్రం కొనుక్కుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. చవక యంత్రాల కొలత నమ్మదగినది కాదు, వాటిని ఎప్పటికప్పుడు సరిచూడకపోతే మంచివి కూడా తప్పుతాయి. తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన మద్యంవల్ల ఎక్కువ చూపిస్తుంది, అందుకే 15 నిమిషాలు ఆగమంటారు. ఇంకోవైపు రక్తంలో స్థాయి ఇంకా పెరుగుతున్నప్పుడు ఊదితే, దారిలో మీరు చేరబోయే స్థాయికంటే తక్కువ చూపిస్తుంది. "ఇంకా ఒకటి తాగవచ్చు" అని చెప్పించుకోవడానికి దాన్ని వాడేవారికి అది హాని చేస్తుంది. మర్నాడు ఉదయం అనుమానం తీర్చుకోవడానికి మాత్రం కొంత ఉపయోగపడుతుంది. ఏ అంకె చూపించినా, సున్నా కాకపోతే బండి తీయవద్దు.

మందులు వాడేవారు కూడా జాగ్రత్తపడాలి. జలుబుకు, అలర్జీకి ఇచ్చే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, ఆందోళనకు, మూర్ఛకు వాడే మందులు తమంత తామే మగత తెస్తాయి. వాటితో మద్యం కలిస్తే చిన్న మోతాదు కూడా పెద్ద మోతాదులా పనిచేస్తుంది. కొన్ని దగ్గు మందులలోనే మద్యం ఉంటుంది. సీసా మీద చదవండి, తెలియకపోతే బండి నడపవచ్చా అని డాక్టరును సూటిగా అడగండి.

తాగినవాడు తాళం పట్టుకుంటే

ఇక్కడ మనం ఎక్కువగా ఓడిపోతాము, ఎందుకంటే ఎదుటివాడు మనవాడు. ఆ రాత్రి నా బంధువును ఆపలేకపోయాక నేను నేర్చుకున్నది ఏమిటంటే, తాగినవాడితో "నువ్వు తాగి ఉన్నావు" అని వాదించకూడదు. ఆ మాట అనగానే అతను లేదని నిరూపించుకోవడానికి పూనుకుంటాడు, నిరూపించుకునే మార్గం బండి నడిపి చూపించడమే అవుతుంది. నలుగురిలో అనకుండా పక్కకు పిలిచి, మనకోసం అడిగినట్టు అడగాలి: "బావా, నిన్ను ఇలా పంపితే రాత్రంతా నాకు నిద్ర పట్టదు. అక్కకు నేను ఫోన్ చేసి చెబుతాను, క్యాబ్ వస్తోంది, బండి ఇక్కడే భద్రంగా ఉంటుంది, పొద్దున నేనే తెచ్చి ఇస్తాను." ఈ మాటలలో అతనికి పరువు నష్టం లేదు, ఉదయం శ్రమ లేదు, ఇంట్లో చెప్పుకోవలసిన సంజాయిషీ లేదు. ఇవి మూడూ తీరితే చాలామంది తాళం ఇచ్చేస్తారు. ఒక్కరు అడిగితే ఇవ్వనివాడు అతను గౌరవించే మనిషి అడిగితే ఇస్తాడు. ఆ మనిషి ఎవరో ముందే ఆలోచించి పెట్టుకోండి.

అయినా వినకపోతే తాళం కనబడకుండా తీసి దాచడం తప్పు కాదు. చేయి చేసుకోవద్దు, బండికి అడ్డంగా నిలబడవద్దు. బయలుదేరిపోతే అతని బండి ఎక్కవద్దు, మీ పిల్లలను ఎక్కించవద్దు, బండి నంబరు, వెళ్లిన దారి పోలీసులకు చెప్పండి. బంధువును పోలీసులకు పట్టించడమా అని మనసు పీకుతుంది. ఆ దారిలో ఎదురుగా వస్తున్న కుటుంబం కూడా ఎవరికో బంధువులే.

కారులోనే కాసేపు పడుకుని వెళ్తానన్న మాటకు కూడా ఒప్పుకోకూడదు. ఒక గంట నిద్రలో తగ్గేది 15 మిల్లీగ్రాములు మాత్రమే. చాలా దేశాలలో తాగి డ్రైవర్ సీటులో తాళంతో కూర్చోవడమే నేరం కావచ్చు. ఇంజిన్ నడుస్తూ, తలుపులు మూసి, గాలి ఆడనిచోట పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుతో నిద్రలోనే ప్రాణం పోయే అపాయం ఉంది. రోడ్డు వెంట నడిచి వెళ్తానన్నవాడిని కూడా ఒంటరిగా పంపవద్దు. చీకటిలో తాగి నడిచేవాడు కూడా బండి కింద పడతాడు.

విందు ఇచ్చేవారి బాధ్యత చిన్నది కాదు. జపానులో 2006లో ఫుకువోకాలో తాగిన డ్రైవర్ ఢీకొట్టిన కారు వంతెన మీదనుంచి పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడి చట్టం మార్చి, నడుపుతాడని తెలిసి మద్యం ఇచ్చినవారిని, బండి ఇచ్చినవారిని, తాగాడని తెలిసి పక్కన ఎక్కి కూర్చున్నవారిని కూడా శిక్షించడం మొదలుపెట్టారు. అలాంటి చట్టం లేనిచోట కూడా అలా ఉన్నట్లే మసలుకోవచ్చు. అతిథి లోపలికి రాగానే "తిరిగి ఎలా వెళ్తారండీ?" అని అడగండి, బండి మీద వచ్చి తాగేవారి తాళాలు అప్పుడే, అందరూ తెలివిలో ఉండగానే, ఒకచోట తీసి పెట్టండి. ఖాళీ కాని గ్లాసును నింపవద్దు. తాగనివారికి కూడా నచ్చే పానీయం ఏదో ఒకటి, వెతుక్కోనక్కరలేకుండా, మద్యం ఉన్న బల్ల మీదే ఉంచండి. డ్రైవర్లను పనిలో పెట్టుకున్నవారు బండి తాళం ఇచ్చేముందు రోజూ ఊదించడం అవమానంగా భావించనక్కరలేదు; ఫిన్లాండ్‌లో బడిపిల్లలను చేరవేసే వాహనాలలో 2011 నుంచి డ్రైవర్ ఊది నెగ్గితే తప్ప ఇంజిన్ కదలని యంత్రం తప్పనిసరి చేశారు.

పైన చెప్పినవన్నీ తాగడం మానగలిగినవారికి పనికివస్తాయి. బండి తీయవలసిన రోజున తాగకూడదని పట్టుదలగా నిర్ణయించుకుని, రెండుసార్లు, మూడుసార్లు ఆ నిర్ణయం తప్పినవారు దాన్ని మనోబలం లేకపోవడంగా చూసుకుని సిగ్గుపడి ఊరుకోవద్దు. అది మద్యానికి ఒళ్లు అలవాటుపడిందనడానికి గుర్తు కావచ్చు, అది వైద్యం ఉన్న జబ్బు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, భ్రాంతి వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కనుక డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ఇంట్లోవాళ్లకు విషయం చెప్పి, చికిత్స పూర్తయి డాక్టరు నడపవచ్చని చెప్పేవరకు బండి తాళాలు, రెండో జత కూడా కలిపి, వాళ్ల దగ్గరే ఉంచండి.